క్లైవ్ చూసిన ఏడో భాగం

యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్ ఊళ్లో క్లైవ్ ఓల్డ్‌రాయ్డ్‌కి అభిప్రాయం లేని విషయమంటూ లేదు. పగలంతా కౌన్సిల్ ఆఫీసులో మురుగు కాలువల శాఖ చూసేవాడు. అక్కడ కాలువ పొంగిందా లేదా అని అడిగేవారే తప్ప, దాని మీద నీ ఉద్దేశమేమిటని అడిగిన పుణ్యాత్ముడు లేడు. రోజంతా లోపల పేరుకుపోయిన అభిప్రాయాలను అతను సాయంత్రం ఇంటికొచ్చి బ్లాగులోకి వదిలేవాడు.

బ్లాగు పేరు 'క్లైవ్ ఉద్దేశంలో'. ప్రతి సోమవారం సినిమా, టీవీ, కామిక్స్ మూడింటికీ పదికి ఇన్నని మార్కులు పడేవి. గంటన్నర దాటిన సినిమాకి మధ్యలో విరామం ఇవ్వకపోవడం క్లైవ్ ఉద్దేశంలో మనిషి శరీరం మీద దౌర్జన్యం. టీవీలో డిటెక్టివ్ అన్నవాణ్ణి పెళ్లాం వదిలేసి తీరాలన్న రూలు ఎవరు పెట్టారో తేలాలి. కామిక్స్‌లో చచ్చినవాడు కనీసం ఆరు నెలలు చచ్చి ఉండాలి. పై నెల సంచికలోనే లేచి కూర్చుంటే, ఏడ్చినవాళ్లకి అది అవమానం.

ప్రతి కామిక్ పుస్తకాన్నీ రెండేసి కొనేవాడు. ఒకటి చదవడానికి, ఒకటి చదవకుండా ఉండటానికి. చదవనిదాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వంగకుండా వెనక అట్ట దూర్చి, మంచం కింద దాచేవాడు.

"నేను కూడా ఈసారి చలికోటు రెండు కొంటాను. ఒకటి తొడుక్కోను. మంచం కింద పెట్టి చూసుకుంటా" అనేది అతని భార్య గ్లెనిస్.

"నీకు కళ గురించి తెలీదోయ్."

"తెలీదు. మంచం కింద చీపురు పట్టదని మాత్రం తెలుసు."

గ్లెనిస్ డాక్టరు క్లినిక్కులో రిసెప్షన్ బల్ల దగ్గర పనిచేస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఊళ్లోవాళ్ల దగ్గుల్లో ఏది నిజమైనదో, ఏది ఆఫీసు ఎగ్గొట్టడానికి తెచ్చుకున్నదో తలుపు దగ్గరే తేల్చేస్తుంది. టీవీ సంగతుల్లో మాత్రం ఆమెకి అభిప్రాయాలు లేవని క్లైవ్ నమ్మకం. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఒక్కసారీ అడిగి చూడకుండానే ఆ నమ్మకం కుదిరింది.

ఆ బ్లాగులో పదికి పది వచ్చింది ఒక్కదానికే. 'ఆఖరి కావలి' అనే సీరియల్ ఏడో భాగానికి.

అది నలుపు తెలుపుల నాటి సీరియల్. మంచు గ్రహం మీద ఒక కావలి కోట, అందులో అయిదుగురు మనుషులు, ఒక కెప్టెన్, రివెట్ అనే నాటు కుక్క. ఉత్తరాదిన రెండు మూడు జిల్లాల్లో మాత్రమే వచ్చేది. ఏడు భాగాలతో ముగిసిపోయింది. ఆరు భాగాలు మిగిలాయి. ఏడోది మిగల్లేదు. ఆ రోజుల్లో టేపు ఖరీదు, కథ చవక. చూపించాక చెరిపేసి, దాని మీదే ఇంకేదో తీసేవారు. పైగా 1968 నవంబరులో ఆ శనివారం సాయంత్రం రెండో చానెల్లో పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ ఉండటంతో చూసినవాళ్లే తక్కువ. ఆ కోటలో వాళ్లు చివరికి ఏమయ్యారో తెలిసిన మనిషి కోసం 'ఆఖరి కావలి' అభిమానుల క్లబ్బు ఏళ్ల తరబడి వెతికింది. చివరికి ఒకడు దొరికాడు. ఆ ఒకడు మన క్లైవ్.

అప్పట్నించీ క్లబ్బు వార్షికోత్సవం నాడు మెథడిస్టు చర్చి హాల్లో దీపాలు తగ్గించి, క్లైవ్‌ని నిలబెట్టేవారు. అతని కోటుకి 'సాక్షి' అని రాసిన రేకు బిళ్ల ఉండేది. ఇరవై నిమిషాల పాటు ఏడో భాగాన్ని కళ్లకు కట్టినట్టు చెప్పేవాడు. ఆఖరి రాకెట్టు బయల్దేరబోతుంది. అందరూ ఎక్కేశారు. బయట మంచులో రివెట్ ఒక్కటే ఉండిపోయింది. రాకెట్టు ఇంక పిడికెడు బరువు కూడా మోయలేదు. అప్పుడు కెప్టెన్ "ఆగండి! తలుపు మూయొద్దు!" అని అరుస్తాడు. తన కుర్చీ ఊడబెరికి బయట పారేస్తాడు. పతకాలు పారేస్తాడు. బూట్లు కూడా పారేసి, మేజోళ్లతో మంచులోకి పరిగెత్తి, కుక్కని కోట్లో చుట్టుకుని తెస్తాడు. ఇంటికి వెళ్లేదాకా నిలబడే ప్రయాణం చేస్తాడు.

పదిహేడేళ్లుగా విని విని క్లబ్బులో అందరికీ అది కంఠతా వచ్చేసింది. క్లైవ్‌తో పాటు పెదవులు కదిపేవారు. కళ్లు తుడుచుకునేవారు.

ఇందులో ఉన్న చిక్కు ఒక్కటే. క్లైవ్ ఏడో భాగం చూడలేదు.

ఆ శనివారం అతనికి తొమ్మిదేళ్లు, రెండు చెంపలకీ గవదబిళ్లలు. మేడ మీది గదిలోంచి కిందికి దిగితే కాళ్లు విరగ్గొడతానని తల్లి చెప్పింది. అప్పుడు తండ్రి విల్‌ఫ్రెడ్ "నేను చూసొచ్చి చెప్తాలేరా" అన్నాడు. విల్‌ఫ్రెడ్ బస్సు కండక్టరు. రోజంతా టికెట్, టికెట్ అని అరిచి ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలు అయిపోయేవి. ఉప్పు అందుకోమనడానికి కూడా వేలు చూపించే మనిషి. ఆ మనిషి సీరియల్ అయ్యాక మెట్లెక్కి వచ్చి, మంచం అంచున కూర్చుని, ఇరవై నిమిషాలు ఆగకుండా కథ చెప్పాడు. అంతసేపు ఆయన మాట్లాడగా క్లైవ్ అంతకుముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

గవదబిళ్లలు తగ్గి బడికి వెళ్లాక ఎవరో అడిగితే "చూశాను" అన్నాడు. అబద్ధమాడాలని కాదు. అంత బాగా కనిపించింది మరి. ఆ మాటే తర్వాత క్లబ్బులోనూ నిలిచిపోయింది. నిజానికి ఈ లోకంలో క్లైవ్‌కి ఉన్న పేరల్లా అదొక్కటే, 'చూసినవాడు'. అది తీసేస్తే మిగిలేది మురుగు కాలువల క్లైవ్.

2009 నవంబరులో ఒక మంగళవారం ఫోన్ మోగింది. క్లబ్బు అధ్యక్షుడు హెర్బర్ట్ పికిల్స్. ఏ భాగం ఏ తేదీన ఎన్ని గంటలకు వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు కాబట్టి గ్లెనిస్ ఆయనకి తేదీల పికిల్స్ అని పేరు పెట్టింది.

"ఓల్డ్‌రాయ్డ్! నిలబడి ఉన్నావా? కూర్చో. దొరికింది!"

"ఏం దొరికింది?"

"ఏడోది! ఒక రిటైరైన ఎడిటర్ షెడ్డులో, పెయింటు డబ్బాల మధ్యన. డిస్కు చేసి పంపారు. నేనింకా చూళ్లేదు, ఒట్టు. ఈ శనివారమే హాల్లో అందరం కలిసి చూస్తున్నాం. నువ్వు ముందు వరసలో, మధ్య కుర్చీ. వేసేముందు నువ్వు చెప్తావు, వేశాక లోకం చూస్తుంది. ఏమంటావు?"

నోట్లో పచ్చి వెలక్కాయ పడినవాడు ఏమంటాడు?

"ఏడుస్తున్నావు కదూ? నాకు తెలుసు. నేనూ అంతే" అని పికిల్స్ ఫోన్ పెట్టేశాడు.

తండ్రి అబద్ధం చెప్పి ఉంటాడని క్లైవ్ అనుకోలేదు. చిన్న చిన్నవే అతన్ని భయపెట్టాయి. కెప్టెన్‌కి గడ్డం ఉందా? కుక్క ఏ రంగు? ఏ చేత్తో ఎత్తుకున్నాడు? బొమ్మ అయ్యాక మైకు ఇచ్చి, ఎనభై కళ్లు తనవైపు తిప్పి, ఒక్కటి సూటిగా అడిగితే చాలు. పైగా తన మొహం తనకి తెలుసు. అది అబద్ధాన్ని చీకట్లో చెప్పగలదు గానీ దీపాల వెలుగులో సూటిగా అడిగితే చెప్పలేదు.

బుధవారమంతా ఆలోచించి ఒక పథకం వేశాడు. గురువారం పొద్దున్నే వంటింట్లో చెంచా కింద పడేసి, దాన్ని తీయబోయి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"గ్లెనిస్! నడుము!"

గ్లెనిస్ రొట్టెకి వెన్న రాయడం ఆపలేదు. "ఎక్కడ?"

"ఇక్కడ, ఎడమవైపు. అబ్బా!"

"కాలు లాగుతోందా?"

"ఆఁ, లాగుతోంది. కుడికాలు."

"ఎడమ నడుముకి కుడికాలు లాగుతోందా? చాలా అరుదైన కేసు. మా డాక్టరు చూస్తే పుస్తకం రాస్తాడు."

"నేను చచ్చిపోతుంటే నీకు వేళాకోళంగా ఉందా?"

"అయ్యో, లేదు. నడుముకి మందేమిటో తెలుసుగా? గట్టి నేల."

అరగంటలో ముందుగదిలో సోఫా గోడకి జరిగింది. పాత అలమరా తలుపు తివాచీ మీదికి వచ్చింది. దాని మీదికి క్లైవ్ వచ్చాడు. దిండు తీసేసింది. ఏడుకొండలు ఎక్కి దిగిన గుర్రానికి కూడా రాయడానికి సందేహించే ఘాటు మందు ఒకటి వీపంతా పట్టించింది. భోజనం పల్చటి బార్లీ సూపు. కళ్లు అలిసిపోతే నడుము లాగుతుందని టీవీ బంద్, పుస్తకాలు పట్టుకుంటే చేతులు బరువని కామిక్స్ బంద్.

"కంప్యూటర్?"

"అది కూర్చునేవాళ్లకి."

"మరి శనివారం సంగతి పికిల్స్‌కి ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాలే. నువ్వు కదలకు" అంది గ్లెనిస్, ఎంతో దయగా. ఆ దయ చూసి క్లైవ్ జాగ్రత్తపడి ఉండాల్సింది.

శుక్రవారం పొద్దున్న వాన. వీధి తలుపు ఉత్తరాల బొక్కలోంచి కొత్త కామిక్స్ పొట్లం సగం లోపలికీ, సగం బయటికీ ఇరుక్కుంది. పోస్టుమాన్ దాన్ని అలాగే వదిలేసి వెళ్లిపోయాడు. అట్ట కవరు మీద చినుకులు టపటపమంటున్నాయి. నడుము నొప్పి ఉన్న మనిషి ఎవరైనా "గ్లెనిస్!" అని పిలుస్తాడు. కానీ అభిమానికి తడుస్తున్న కామిక్ ముందు ఒళ్లు తెలీదు. క్లైవ్ అలమరా తలుపు మీంచి చెంగున లేచి, రెండంగల్లో గది దాటి, పొట్లం లాగి, చొక్కాకి తుడిచి, రెండు కాపీలూ మూలలు నలగలేదని వెలుతురులో పెట్టి చూసుకుని, తిరిగొచ్చి పడుకుని మూలగసాగాడు.

మెట్ల మీద బట్టల బుట్టతో నిలబడ్డ గ్లెనిస్ అంతా చూసింది. వంటింట్లోకి వెళ్లి మెల్లగా తలుపు వేసుకుని ఫోన్ చేసింది.

శనివారం మధ్యాహ్నం రెండింటికి ఇంటి ముందు వ్యాన్ ఆగింది. మొదట చర్చి హాలు మడత కుర్చీలు, ఎందుకైనా మంచిదని ముప్ఫై, వచ్చాయి. తర్వాత ఆ వానలో ఇంటిదాకా రాగలిగిన పదకొండుమంది మనుషులు తడిసిన కోట్లతో, గుడ్డు శాండ్‌విచ్‌ల పళ్లెం, రెండు పోర్క్ పైలు. క్లబ్బులో అందరికీ ఊలు టోపీలు అల్లే ముసలావిడ ఈనిడ్, కుక్క చెవులున్న టోపీ పెట్టుకుని వచ్చింది. చివరగా పికిల్స్, డిస్కుని పసిబిడ్డలా రెండు చేతులతో పట్టుకుని.

"సాక్షి హాలుకి రాలేకపోతే హాలే సాక్షి దగ్గరికి వస్తుంది! మీ ఆవిడ ఎంత మంచిదయ్యా! మా ఆయన లేకుండా ఎలా చూస్తారు, ఇక్కడికే వచ్చెయ్యండని ఏడ్చినంత పని చేసింది."

క్లైవ్ నేల మీంచి గ్లెనిస్ వైపు చూశాడు. ఆమె టీ కప్పులు లెక్కపెట్టుకుంటోంది.

"నువ్వు పిలిచావా?" అన్నాడు పళ్ల బిగువున.

"నీకోసమేగా. నడుము ఎలా ఉంది? లేచి కూర్చోగలవా, ఎగరగలవా?"

ఆ మాటతో అతనికి విషయం అర్థమైంది. పదకొండుమంది కలిసి అతన్ని తలుపుతో సహా ఎత్తి సోఫాకి చేరేశారు. పికిల్స్ రేకు బిళ్ల అతని పైజమా చొక్కాకి గుచ్చాడు. గ్లెనిస్ వచ్చి పక్కనే కూర్చుంది. అది చూసి అతను ఆశ్చర్యపోయాడు. క్లబ్బువాళ్లు వస్తే ఆమె ఎప్పుడూ వంటింట్లోనే ఉండేది.

బొమ్మ మొదలైంది. గీతలు, గరగర శబ్దం, మంచు.

మొదటి నిమిషంలో కోట గోడ బీటలు వారింది. "బీట!" అన్నారు అందరూ ఒక్కసారిగా. క్లైవ్ చెప్పినట్టే. వంటవాడు దీపం పట్టుకుని పరిగెత్తాడు. క్లైవ్ చెప్పినట్టే. "ఈ గాలి ఇంక రెండు గంటలే" అని కెప్టెన్ అనేలోపే ఈనిడ్ ఆ మాట అనేసింది. పొల్లు పోకుండా అవే మాటలు! కెప్టెన్‌కి గడ్డం లేదు. క్లైవ్ ఏనాడూ ఉందని చెప్పలేదు. గదిలో మనుషులు క్లైవ్ భుజం తట్టడం మొదలుపెట్టారు. "ఏం జ్ఞాపకశక్తి! నలభై ఒక్క ఏళ్లు!" అన్నాడు పికిల్స్.

క్లైవ్‌కి గుండె మీది బండ దిగింది. నాన్న ఒక్క ముక్క వదల్లేదు. బార్లీ సూపు తప్ప ఏమీ ఎరగని పొట్టకి ఆకలేసింది. ఒక శాండ్‌విచ్ అందుకున్నాడు. దిగులు పోగానే మనిషికి అభిప్రాయాలు తిరిగొచ్చాయి. "ఇక్కడ వెలుతురు చూడండి. రంగులు వచ్చాక ఇలాంటి పనితనం పోయింది, నా ఉద్దేశంలో" అన్నాడు.

"ఊఁ" అంది గ్లెనిస్. ఆమె కళ్లు తెర మీంచి కదలడం లేదు. ఒళ్లో చేతులు రెండూ గట్టిగా బిగించి ఉన్నాయి.

రాకెట్టు సిద్ధమైంది. ఒక్కొక్కరే ఎక్కారు. బయట మంచులో రివెట్, చెవులు నిక్కించి. లోపల బరువు చూసే ముల్లు ఎర్ర గీత దగ్గర వణుకుతోంది. కెప్టెన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ముందుగదిలో పదకొండుమందీ ఊపిరి పీల్చుకుని ఒక్క గొంతుతో అరిచారు.

"ఆగండి! తలుపు మూయొద్దు!"

"తలుపు మూయండి" అన్నాడు కెప్టెన్.

మూసేశారు. రాకెట్టు లేచిపోయింది. కుక్క కాసేపు పైకి చూసింది. తర్వాత కూర్చుంది. దాని మీద మంచు కురుస్తూనే ఉంది. చాలాసేపు కురిసింది. పేర్లు పడ్డాయి. బొమ్మ అయిపోయింది.

ఈనిడ్ మెల్లగా టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"కోత పడి ఉంటుంది. మధ్యలో ముక్క పోయి ఉంటుంది" అన్నాడు పికిల్స్ చివరికి.

"పేర్లు పడ్డాయిగా" అన్నారెవరో.

"అయితే రెండు రకాలుగా తీసి ఉంటారు! అంతే! ఒకటి విషాదం, ఒకటి సుఖాంతం. యార్క్‌షైర్లో వేసింది రెండోది. అదే ఓల్డ్‌రాయ్డ్ చూశాడు. అలా జరిగిన సందర్భాలున్నాయి, నేను తేదీలతో చెప్పగలను. ఏమంటావు ఓల్డ్‌రాయ్డ్? రెండోదేగా?"

పదకొండు మొహాలు ఆశగా అతనివైపు తిరిగాయి. వాళ్లే తలుపు తెరిచి పట్టుకున్నారు. అవునంటే చాలు. పేరు నిలుస్తుంది. ఇంకా గట్టిగా నిలుస్తుంది. పోయిన రెండో ఏడో భాగాన్ని చూసిన ఏకైక మనిషి! క్లైవ్ నోరు తెరిచాడు.

"ఒక్కటే తీశారు. ఇదే" అంది గ్లెనిస్.

అందరూ ఆమెవైపు చూశారు.

"నేను చూశాను. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఈ పక్కనే, హెబ్డెన్ బ్రిడ్జిలో మా అమ్మమ్మ ఇంట్లో. తలుపు మూసేశాక లేచి టీవీ వెనక్కి వెళ్లి చూశాను, కుక్క అక్కడుందేమోనని. వారం రోజులు అన్నం సయించలేదు. మా అమ్మమ్మ ఆ చానెల్ వాళ్లకి తిడుతూ ఉత్తరం కూడా రాసింది."

క్లైవ్ సోఫాలో ఆమెవైపు తిరిగాడు. "నువ్వు... చూశావా?"

"చూశాను."

"మరి నేను చెప్పినప్పుడు... పెళ్లికి ముందు బస్సులో నీకు మొత్తం చెప్పాను కదా!"

"చెప్పావు. కుక్కని వెనక్కి తెచ్చావు. వీడు అబద్ధాలకోరని అప్పుడే తెలుసు నాకు. అయితే అబద్ధం ఏ వైపుకి ఆడుతున్నాడో కూడా చూశాను. సరే, ఫరవాలేదనిపించింది."

క్లైవ్ తల దించుకున్నాడు. తర్వాత పికిల్స్ వైపు చూసి, దాచడానికి ఇంకేమీ లేదని తెలిసిన గొంతుతో చెప్పాడు. "నేను చూడలేదు హెర్బర్ట్. నాకు గవదబిళ్లలు. మా నాన్న చూసొచ్చి చెప్పాడు."

పికిల్స్ మొహం వాడిపోయింది. "పదిహేడేళ్లు, ఓల్డ్‌రాయ్డ్" అన్నాడు. వంగి, అతని పైజమా చొక్కా మీంచి రేకు బిళ్ల ఊడదీసి, గ్లెనిస్ స్వెట్టరుకి జాగ్రత్తగా గుచ్చాడు. మరుక్షణం క్లబ్బంతా అటు తిరిగిపోయింది.

"మిసెస్ ఓల్డ్‌రాయ్డ్, మధ్యలో ప్రకటనలు ఏం వచ్చాయో గుర్తుందా?"

"పేర్లు పడేటప్పుడు ఎవరైనా మాట్లాడారా?"

"మీ అమ్మమ్మ ఉత్తరానికి జవాబు వచ్చిందా? ఉందా ఇంట్లో?"

"వచ్చే ఏడు వార్షికోత్సవానికి మీరే మాట్లాడాలి!"

"అదెలా? వార్షికోత్సవానికి మాట్లాడేది నేను!" అని క్లైవ్ సోఫాలోంచి ఎగిరి నిలబడ్డాడు. రెండు కాళ్ల మీదా నిటారుగా, నడుమ్మీద చెయ్యి కూడా లేకుండా నిలబడ్డ మనిషిని అందరూ చూశారు.

"నయమైపోయిందే! దేవుడు చల్లగా చూశాడు. ఆ కుర్చీలు వ్యాన్‌లోకి ఎక్కించు మరి" అంది గ్లెనిస్.

ముప్ఫై మడత కుర్చీలు. వానలో. పైజమాతో. వెళ్లేముందు ఈనిడ్ మాత్రం అతని దగ్గరికి వచ్చి, చెవుల టోపీ అతని చేతిలో పెట్టింది. "నాకు మీ నాన్న చెప్పిందే కావాలి బాబూ. ఆ టీవీవాళ్లది నాకొద్దు" అని గబగబా వ్యాన్ ఎక్కేసింది.

లోపలికి వచ్చేసరికి గ్లెనిస్ కప్పులు కడుగుతోంది. స్వెట్టరు మీద 'సాక్షి' బిళ్ల అలాగే ఉంది. క్లైవ్ తుండు తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు.

"ముప్ఫై ఏళ్లు ఎందుకు చెప్పలేదు నాకు?"

"నువ్వు అడగలేదు."

"ఏం అడగాలి?"

"ఏదైనా. ఏ సినిమా అయినా. తలుపు తీసేసరికే నీ ఉద్దేశం చెప్పేసేవాడివి. పదికి ఇన్నని వేసేసేవాడివి. ఒక్కసారైనా 'నీకెలా ఉంది గ్లెనిస్' అన్నావా? అంటే చెప్పేదాన్ని."

క్లైవ్ ఒకే కప్పుని చాలాసేపు తుడిచాడు. ఆమె మాట నిజం. కాలువలో నీళ్లలా అది నేరుగా వచ్చి అతనికి తగిలింది. ఇన్నేళ్లూ తన మాట ఎవరూ అడగరని కుమిలినవాడు, పక్కనున్న మనిషిని అడగనే లేదు.

"సరే. ఇప్పుడు అడుగుతున్నా. మా నాన్న అలా ఎందుకు చేశాడంటావు? కథ మార్చే మనిషి కాదు ఆయన. అసలు మాట్లాడే మనిషే కాదు. కింద చూసి, మెట్లెక్కి వచ్చేలోపు అదంతా ఎలా అల్లాడు? నీ ఉద్దేశంలో?"

గ్లెనిస్ కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుని అతనివైపు తిరిగింది.

"మెట్ల మీద అల్లలేదు. అల్లి వస్తే మొదట్నించీ మార్చేవాడు. నువ్వు చెప్పే కథ తలుపు దాకా అక్షరం పొల్లు పోలేదు, చూశావుగా. ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే వచ్చాడు ఆయన. చెప్తూ చెప్తూ కుక్క దగ్గరికొచ్చి నీ మొహం చూసుంటాడు. అంతే. ఆ తర్వాతదంతా నీ మొహం చూస్తూ చెప్పింది."

క్లైవ్ వంటింటి స్టూలు మీద కూర్చుండిపోయాడు. కుర్చీ, పతకాలు, బూట్లు... ఆ మాటల మధ్య తండ్రి ఎక్కడెక్కడ ఆగాడో అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు ఉత్కంఠ కోసం ఆగాడనుకున్నాడు. పాపం, పారెయ్యడానికి ఇంకేముందా అని వెతుక్కుంటూ ఆగాడు. నలభై ఏళ్లుగా ఆ కథ తనకి చెప్పిందని అనుకున్నాడే గానీ, తన కోసం పుట్టిందని తెలీదు. టికెట్, టికెట్ తప్ప మాట తెలియని మనిషి! అతనికి ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. గ్లెనిస్ కూడా చూడనట్టు నటించలేదు. వచ్చి పక్కన నిలబడి, తడి చెయ్యి తల మీద పెట్టింది.

కాసేపయ్యాక ముక్కు తుడుచుకుని అన్నాడు. "ఇది బ్లాగులో రాయాలి. నువ్వు ఇప్పుడు చెప్పావే, అచ్చం అలా."

"రాయి."

"నాకు రాదు. నేను రాస్తే 'నా ఉద్దేశంలో' అని మొదలవుతుంది. నువ్వే రాయి."

"నాకు టైపు రాదుగా. నేను చెప్తా, నువ్వు కొట్టు."

ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. మంచి కుర్చీ గ్లెనిస్‌కి వెళ్లింది. స్టూలు క్లైవ్‌కి వచ్చింది. ఆమె మొదట ఏడో భాగం గురించి చెప్పింది. తర్వాత విల్‌ఫ్రెడ్ గురించి చెప్పింది. తర్వాత, అవకాశం ఎలాగూ వచ్చింది కాబట్టి, ముప్ఫై ఏళ్లలో ఇద్దరూ కలిసి చూసిన సినిమాలన్నిటి గురించీ వరసగా అందుకుంది. ఆమె దగ్గర ఎంత సరుకు ఉందో అతనికి అప్పుడు తెలిసింది. అందులో సగం అతనికి బొత్తిగా నచ్చలేదు. రాత్రి భోజనం వేళ దాటిపోయినా కొడుతూనే ఉన్నాడు. మధ్యలో రెండుసార్లు తన మాట ఒకటి దూర్చబోయాడు. రెండుసార్లూ ఆమె చూసి కొట్టేయించింది.